చెన్‌జియాగౌలో తాయ్‌చి కోర్సు: నేర్పడం సూపర్, గోడ మీద చరిత్ర మాత్రం చూసి నమ్మండి

ముందు రేటింగ్ ఇచ్చేస్తా, వివరాలు కావాల్సినవాళ్ళు కింద చదువుకోండి. నేర్పే పద్ధతికి 5కి 4.5, గదికి 2, భోజనానికి 3, "లోకంలో అసలైన తాయ్‌చి మాదొక్కటే" అని గోడ నిండా రాసుకున్న చరిత్రకి 1.5, ఆ అర కూడా పాత ఫోటోలు బాగున్నాయని.

స్కూల్ పేరు రాయట్లేదు. ఆ ఊళ్ళో ఇలాంటివి సందుకొకటి ఉన్నాయి, వందల మంది పిల్లలు హాస్టల్లో ఉండి నేర్చుకునే పెద్ద స్కూళ్ళ దగ్గర్నుంచి ఇంటి వాకిట్లో నలుగురికి నేర్పే మాస్టార్ల దాకా. ఆత్రేయపురం రోడ్డు మీద పూతరేకుల షాపులన్నిటికీ "ఒరిజినల్, మాకు బ్రాంచీలు లేవు" అని బోర్డు ఉన్నట్టే ఇక్కడ కూడా అందరూ ఒరిజినలే, అందరి గోడ మీదా కొంచెం అటూ ఇటూగా అదే కథ.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, తాయ్‌చి అంటే ఎక్కువగా మెల్లగా కదులుతూ చేసే చైనా పోరు విద్య, చెన్‌జియాగౌ అనేది చైనాలో హెనాన్ రాష్ట్రం, వెన్ కౌంటీలో, ఎల్లో రివర్‌కి ఉత్తరాన ఉన్న ఊరు. జెంగ్‌జౌ దాకా ఫ్లైటో ట్రైనో పట్టుకుని అక్కణ్ణించి కారులో గంటకి పైనే. చుట్టూ గోధుమ, మొక్కజొన్న చేలు. నేను ఉండేది సింగపూర్‌లో, మా అపార్ట్‌మెంట్ కింద పొద్దున్నే వాకింగ్ బదులు అక్కడి చైనీస్ ఆంటీలతో కలిసి 24 స్టెప్పుల తాయ్‌చి చేసేవాణ్ణి, అది యాంగ్ కుటుంబం స్టైల్ నుంచి తీసింది. సెలవులు పెట్టి ఇక్కడికొచ్చింది ఈ ఊరి చెన్ కుటుంబం స్టైల్ మొదటి నుంచి నేర్చుకుందామని. ఫీజు ఎంతంటే, హైదరాబాద్‌లో ఒక మంచి జిమ్‌కి ఏడాదికి కట్టేంత, గది భోజనం కలిపి.

ఇక క్లాసు. పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌లో ఉండాలి. మొదట ఏమీ నేర్పరు, నిలబెడతారు అంతే. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు ఛాతీ ముందు గుండ్రంగా పెట్టి, కదలకుండా. అయిదు నిమిషాలకే తొడలు వణకడం మొదలవుద్ది, అప్పుడు లావోషి, అంటే మాస్టారు, వెనక నుంచి వచ్చి రెండు వేళ్ళతో నడుము దగ్గర ఇలా కొంచెం నొక్కి వెళ్ళిపోతాడు, అంతవరకూ భుజాల్లో ఉన్న బరువంతా పాదాల్లోకి దిగిపోతుంది, ఎలా చేశాడో అర్థం కాదు. ఎన్నో యూట్యూబ్ వీడియోలు చూశాగానీ ఆ రెండు వేళ్ళు ఏ వీడియోలోనూ దొరకవు. 4.5 ఇచ్చింది దానికే. తర్వాత చేతుల్నీ నడుమునీ మెలితిప్పుతూ వలయాలుగా తిప్పే ఎక్సర్‌సైజులు, పట్టుపురుగు గూటి నుంచి దారం లాగే పనితో పోల్చి దానికి పేరు పెట్టారు, తెంపకుండా ఒకే తీరుగా లాగాలి. ఆ తర్వాతే లావోజియా యీలు, అంటే పాత ఫ్రేమ్ (పాత పద్ధతి) మొదటి రొటీన్, డెబ్బై పైచిలుకు భంగిమలు.

24 స్టెప్పులకి అలవాటు పడ్డవాళ్ళకి ఇది మొదట్లో వేరే విద్యేమో అనిపిస్తుంది. అక్కడ మొదటి నుంచి చివరిదాకా ఒకే స్పీడు, ఇక్కడ మెల్లగా మెల్లగా వెళ్ళి ఉన్నట్టుండి పిడికిలి దడేల్మని వదులుతారు, పాదం నేలకేసి కొడతారు, కొన్నిచోట్ల ఎగిరి కాలు విసరాలి. మా లావోషి నన్ను చూసి చెప్పిన మొదటి మాట, ట్రాన్స్‌లేటర్ కుర్రాడు నవ్వాపుకుంటూ చెప్పాడు, "చేతులు బాగా ఊపుతున్నావు, నడుము ఏదీ?" అని.

ఈ షాక్ నా ఒక్కడిదే కాదు. 1928లో ఈ ఊరి నుంచి చెన్ ఫాకె అనే ఆయన బీజింగ్ వెళ్ళి నేర్పడం మొదలుపెట్టినప్పుడు అక్కడి జనం కూడా ఇదేం తాయ్‌చి అనుకున్నారట, ఎందుకంటే అప్పటికే బీజింగ్‌కి తాయ్‌చి అంటే యాంగ్ వాళ్ళదీ వూ వాళ్ళదీ, మెత్తగా నిదానంగా ఉండేది. అసలు ఆ యాంగ్ వాళ్ళ మూలపురుషుడు యాంగ్ లుచాన్, 1799లో పుట్టి 1872లో పోయాడు, హెబెయ్‌లోని యోంగ్‌నియెన్ వాడు, నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే, చెన్ చాంగ్‌షింగ్ దగ్గర. తర్వాత బీజింగ్ వెళ్ళి బయట నుంచి వచ్చి చైనాని ఏలుతున్న మంచూ దొరల ఇళ్ళలో నేర్పి పేరు తెచ్చుకున్నాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు కాలానికి ఎగరడాలు, కాళ్ళు కొట్టడాలు తగ్గిపోయి పెద్ద పెద్ద భంగిమలతో ఒకే వేగంతో సాగే రూపం ఖాయమైంది, లోకమంతా పార్కుల్లో చేసేది ఆ రూపాన్నే. దాన్ని ఇంకా కుదించి 1956లో చైనా స్పోర్ట్స్ కమిషన్ 24 స్టెప్పులు చేసింది. అంటే నేను ఆంటీలతో చేసిన "ప్రాచీన విద్య" వయసు మా నాన్న వయసంత. ఇందులో తప్పేమీ లేదు, కానీ గోడ మీద ఇదంతా ఒక్క లైనులో తేల్చేసి మిగతా స్టైల్స్ అన్నీ మా దగ్గర్నుంచి "పలచబడి" పోయినవని రాస్తే ఎలా?

గోడ సంగతికొద్దాం. మెట్లెక్కగానే పెద్ద బోర్డు, చెన్ వాంగ్‌టింగ్ బొమ్మ. మింగ్ రాజ్యం కూలిపోయే రోజుల్లో సైనికాధికారి, చెన్ వంశంలో తొమ్మిదో తరం, ఊరికొచ్చి స్థిరపడి తాయ్‌చిని సృష్టించాడు అని. ఊళ్ళో ఉన్న పెద్ద తాయ్‌చి మ్యూజియంలో కూడా ఇదే చెప్తారు, 2020 డిసెంబర్‌లో యునెస్కో తాయ్‌చిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రాసిన పరిచయంలోనూ 17వ శతాబ్దం, చెన్‌జియాగౌ అనే ఉంది. మన యోగా 2016లో చేరిన జాబితాయే అది. కాబట్టి వీళ్ళ మాట ఊరికే తీసిపారేసేది కాదు. కానీ బోర్డు మీద చెప్పనిది ఏంటంటే ఈ కథ ఇంత గట్టిగా నిలబడింది 1930లలో, టాంగ్ హావ్ అనే లాయరు వల్ల. ఆయన ఈ ఊరొచ్చి చెన్ వాళ్ళ వంశావళి పుస్తకం తిరగేసి, చెన్ వాంగ్‌టింగ్ పేరు పక్కన "చెన్ వాళ్ళ పిడికిలి పోరుకీ, కత్తి బల్లేలకీ ఆద్యుడు" అనే అర్థమొచ్చే నోట్ చూశాడు, ఇంకా తీరిక దొరికితే పోరు కల్పిస్తా, పని తగిలితే పొలం దున్నుతా అని ఆయన రాసుకున్నట్టు చెప్పే పద్యం ఒకటి చూపించాడు. చిక్కేంటంటే ఆ నోట్ తర్వాతి కాలంలో ఎవరో చేర్చింది అయ్యుండొచ్చని వాదించేవాళ్ళున్నారు, పైగా ఆ నోట్‌లో ఉన్నది చెన్ వాళ్ళ పోరు అనే, తాయ్‌చి అన్న మాట లేదు.

ఇంకా తమాషా ఏంటంటే చెన్ వాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. చెన్ షిన్ అనే పెద్దాయన ఏళ్ళ తరబడి కూర్చుని బొమ్మలతో సహా పెద్ద గ్రంథం రాశాడు, ఆయన పోయాక 1933లో అచ్చయింది, అందులో ఆయన ఆద్యుడిగా చెప్పింది చెన్ వాంగ్‌టింగ్‌ని కాదు, అంతకు చాలా ముందు 14వ శతాబ్దంలో షాన్షీ నుంచి వలసొచ్చిన మొదటి పూర్వీకుడు చెన్ బూని. ఈ మాట అడిగితే మా స్కూల్ ఆఫీసులో మేడమ్ టీ పోసి టాపిక్ మార్చేసింది.

రాత్రి భోజనాల దగ్గర మాత్రం అసలు క్లాసు అక్కడే జరిగేది. మా బ్యాచ్‌లో ఒక జర్మనీ ఆవిడ, అంతకుముందు వూడాంగ్ కొండ మీద కొన్నాళ్ళు నేర్చుకుని వచ్చింది. యోంగ్‌నియెన్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, యాంగ్ స్టైల్ చిన్నప్పట్నుంచీ చేస్తున్నాడు, "మూలం" ఎలా ఉందో చూద్దామని వచ్చాడు. పక్కనే ఉన్న జావ్‌బావ్ నుంచి కూరగాయల బండి తెచ్చే పెద్దాయన కూడా ఒక్కోసారి కూర్చునేవాడు, వాళ్ళకి సొంత స్టైల్ ఉంది, అది జియాంగ్ ఫా అనే ఆయన ద్వారా వచ్చిందని వాళ్ళ మాట. ట్రాన్స్‌లేటర్ కుర్రాడికి అన్నం తినడానికి టైం ఉండేది కాదు పాపం.

జర్మనీ ఆవిడది జాంగ్ సాన్‌ఫెంగ్ కథ. వూడాంగ్ కొండ మీద ఉండే తావో సన్యాసి, పామూ పక్షీ కొట్లాడుకోవడం చూసి తాయ్‌చి కనిపెట్టాడని. వినడానికి అన్నిటికంటే ఇదే బాగుంటుంది, ఒప్పుకోవాలి. కానీ ఈ సన్యాసికీ పోరు విద్యకీ ముడిపెట్టిన పాత ఆధారం 1669లో హువాంగ్ జొంగ్‌షి రాసిన ఒక సమాధి శాసనం, అందులో ఆయన సోంగ్ చక్రవర్తి హుయిజొంగ్ కాలం వాడు, కలలో దేవుడు పోరు నేర్పితే తెల్లారి వంద మందికి పైగా దొంగల్ని ఒక్కడే చంపాడు అని ఉంది. హుయిజొంగ్ అంటే 12వ శతాబ్దం. మిగతా కథలు ఎక్కువగా ఆయన్ని మింగ్ రాజ్యం మొదట్లో పెడతాయి, యోంగ్‌లె చక్రవర్తి ఆయన్ని వెతకడానికి మనుషుల్ని కూడా పంపాడు. అంటే తక్కువలో తక్కువ రెండొందల ఏళ్ళ తేడా, సన్యాసులకి ఆయుష్షు ఎక్కువే అనుకున్నా కొంచెం అతిగా లేదూ. మింగ్ రాజ్య చరిత్రలో ఆయన జీవితం ఉంది, దెబ్బలాటల ఊసే లేదు. ఆ 1669 శాసనంలో తాయ్‌చి పేరు కూడా లేదు, షావొలిన్‌ది "బయటి" విద్య, ఇది "లోపలి" విద్య అని మాత్రం ఉంది, అది రాసినాయన మంచూ పాలనని వ్యతిరేకించినవాడు కాబట్టి బయటివాళ్ళు లోపలివాళ్ళు అనడంలో రాజకీయం ఉందని కొందరు పరిశోధకులు అంటారు. ఇదంతా నేను కొంచెం చెప్పేసరికి ఆవిడ "నాకు కథ నిజమా కాదా అక్కర్లేదు, ఆ కొండ మీద పొద్దున చేస్తుంటే వచ్చే ప్రశాంతత నిజం" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, జవాబు అవసరం కూడా లేదనుకోండి, ఆవిడ డబ్బులు కట్టింది దానికే కదా, కాకపోతే వూడాంగ్‌లో ఆవిడకి అమ్మింది కూడా ఏడొందల ఏళ్ళ పరంపర అనే బోర్డుతోనే.

లెక్కల మాస్టారి వాదన నాకు బాగా నచ్చింది. "నేర్చుకుంది ఇక్కడే, మేం కాదనం, కానీ తాయ్‌చిని తాయ్‌చి చేసింది మా ఊరు" అంటాడు. ఆయన చెప్పేది వూ యూషియాంగ్ గురించి (పైన చెప్పిన బీజింగ్ వూ వాళ్ళు వేరు), అదే యోంగ్‌నియెన్‌లో చదువుకున్న కుటుంబం, యాంగ్ లుచాన్ దగ్గరా జావ్‌బావ్‌లో ఉన్న చెన్ చింగ్‌పింగ్ దగ్గరా నేర్చుకున్నాడు. ఈయన అన్నగారికి వూయాంగ్‌లో ఒక ఉప్పు కొట్టులో వాంగ్ జొంగ్‌యూ రాసిన సిద్ధాంత గ్రంథం దొరికిందని కథ. "నాలుగు ఔన్సులతో వెయ్యి పౌండ్లని కదిలించడం" లాంటి మాటలు తాయ్‌చి నేర్పే ప్రతివాడూ చెప్పేవి ఆ రాతల్లోంచే. అది నిజంగా ఉప్పు కొట్టులోనే దొరికిందా, లేక వూ కుటుంబమే రాసుకుని పాత పేరు తగిలించిందా అనేది ఇంకో కొట్లాట, వాంగ్ జొంగ్‌యూ అనేవాడు ఎవరో గట్టిగా చెప్పే ఆధారం లేదు. నాకైతే వూ వాళ్ళ చెయ్యి పడిందనే అనిపిస్తుంది. ఇవి చాలవన్నట్టు ఈమధ్య పక్కనున్న బోఆయ్ కౌంటీ, టాంగ్ గ్రామం లీ కుటుంబం వాళ్ళ వంశావళి బయటికొచ్చింది, మా వాళ్ళూ చెన్ వాంగ్‌టింగూ కలిసి ఒక గుడిలో కనిపెట్టారు అని. దాని మీద కూడా అసలుదా నకిలీదా అని రచ్చే.

ఈ గొడవ మధ్యలో మా బావ గుంటూరు నుంచి వీడియో కాల్. "ఏరా, కుంగ్‌ఫూ అంతా మన బోధిధర్ముడు కంచి నుంచి పట్టుకెళ్ళిందేగా, మళ్ళీ నువ్వు డబ్బులు పోసి వాళ్ళ దగ్గర నేర్చుకోడమేంట్రా?" నేనన్నా, "బావా, అది షావొలిన్ కథ, తాయ్‌చిది కాదు. అదీగాక ఆయన పేరు మీద తిరిగే ఎక్సర్‌సైజుల పుస్తకం పుట్టిందే 17వ శతాబ్దంలో, ఆయన పోయిన వెయ్యేళ్ళ తర్వాత." బావ ఒక్క క్షణం ఆగి "ఆ సినిమాలో అలా చూపించలేదే" అన్నాడు. ఇందాక చెప్పిన టాంగ్ హావ్ ఉన్నాడే, ఆయన 1930లో రాసిన పుస్తకంలో బోధిధర్ముణ్ణీ జాంగ్ సాన్‌ఫెంగ్‌నీ ఒకే దెబ్బకి పక్కన పెట్టేశాడు, దాంతో రెండువైపుల మాస్టార్లకీ ఒళ్ళుమండి ఆయన్ని తన్నడానికి సిద్ధమయ్యారని చెప్పుకుంటారు. మా బావ అప్పుడు ఉండుంటే వాళ్ళలో కలిసేవాడు.

నా అభిప్రాయం అడిగితే ఒకాయన ఒకరోజు కూర్చుని కనిపెట్టాడనే కథ ఎవరిదైనా నేను నమ్మను. 16వ శతాబ్దపు మింగ్ సేనాని చి జిగ్వాంగ్ తన యుద్ధ గ్రంథంలో 32 పోరు భంగిమలు బొమ్మలేసి ఇచ్చాడు, వాటిలో 29 చెన్ వాళ్ళ రొటీన్లలో కనపడతాయని టాంగ్ హావే లెక్కేశాడు. అంటే సైన్యంలోనూ పల్లెల్లోనూ తిరుగుతున్న సరుకునే ఈ ఊరివాళ్ళు తీసుకుని, తిప్పి, మెత్తబరిచి, తమది చేసుకున్నారు. యోంగ్‌నియెన్ వాళ్ళు దానికి చదువు పెట్టారు, బీజింగ్ పేరు పెట్టింది, ప్రభుత్వం కుదించింది. ఇది చెన్‌జియాగౌకి చిన్నతనం ఎందుకవుతుందో నాకు అర్థం కాదు. మా లావోషి అయితే ఇవేమీ పట్టించుకోడు, గోడ గురించి అడిగితే "ఆ బోర్డు ఆఫీసువాళ్ళు పెట్టారు, నా పని గ్రౌండ్‌లో" అన్నాడు.

గ్రౌండ్‌లో కూడా మార్పు కళ్ళముందే కనిపిస్తుంది. పాత ఫ్రేమ్ నేర్పేవాళ్ళూ, చెన్ ఫాకె బీజింగ్‌లో చేసిన పద్ధతిని ఆయన కొడుకు చెన్ జావ్‌క్వెయ్ 1970లలో తిరిగి ఊరికి తెచ్చిన "కొత్త ఫ్రేమ్" నేర్పేవాళ్ళూ పక్కపక్కనే ఉంటారు. పాత ఫ్రేమ్ ఊళ్ళో బతికిందంటే 1958లో తిరిగొచ్చిన చెన్ జావ్‌పీ పుణ్యమే, మావో కాలపు కల్చరల్ రివల్యూషన్‌లో ఆయన్ని చాలా ఇబ్బంది పెట్టారు, అయినా నేర్పడం మానలేదు. కాంపిటీషన్ పిల్లలు మాత్రం కాలు చెవిదాకా లేపి, గాల్లో తిరిగి, స్ప్లిట్ వేసి దిగుతారు, చూడటానికి అద్భుతంగా ఉంటుందిగానీ మా లావోషి అటు చూడడు. పుష్ హ్యాండ్స్, అంటే ఇద్దరు ఎదురెదురుగా చేతులు ఆనించి తోసుకునేది, ఇక్కడ బాగా చేయిస్తారు. అరవై దాటిన లెక్కల మాస్టారు నన్ను ఎన్నిసార్లు గడ్డిలో కూర్చోబెట్టాడో. 2017లో షూ షియావొడాంగ్ అనే ఎంఎంఎ (అన్ని రకాల పోరు విద్యలూ కలిపి కొట్లాడే పోటీ) ఫైటర్ ఒక తాయ్‌చి మాస్టర్‌ని కొన్ని సెకన్లలోనే పడగొట్టిన వీడియో గురించి అడిగా, లావోషి నవ్వి "కొట్లాట నేర్చుకోవాలంటే కొట్లాడాలి, రొటీన్ చేస్తే రొటీన్ వస్తుంది" అన్నాడు. ఇంత నిజాయితీగా ఒక్క బోర్డు కూడా లేదు.

ఇక చిరాకులు. గదిలో వేడినీళ్ళు వాటి ఇష్టమొచ్చినప్పుడు వస్తాయి. పట్టు డ్రెస్సు తప్పనిసరి అన్నట్టు మాట్లాడతారు, కాటన్ ప్యాంటు సరిపోతుంది, లావోషే ట్రాక్ ప్యాంటులో వస్తాడు. అన్నిటికంటే నచ్చనిది, కోర్సు అయిపోయే ముందు ఆఫీసువాళ్ళు పిలిచి "ఇంకొంచెం కడితే గురువుగారికి మొక్కే తంతు చేయిస్తాం, వంశ పరంపరలో మీ పేరు ఎక్కుద్ది, సర్టిఫికెట్ ఇస్తాం" అన్నారు. ఏళ్ళ తరబడి కూడా ఉన్న శిష్యులకి చేసే తంతు అది, సెలవులకి వచ్చినవాడికి అమ్మితే ఎట్లా. వద్దన్నా, మొహం మాడ్చుకున్నారు.

భోజనం హెనాన్ పద్ధతి. పొద్దున మిరియాల ఘాటుతో చిక్కగా ఉండే హులాటాంగ్ సూప్ నాకు భలే నచ్చింది, మధ్యాహ్నం వెడల్పాటి హుయిమియెన్ నూడుల్స్, ఎక్కువగా మటన్ సూప్‌లోనే. ఈ కౌంటీ స్పెషల్ ఒకటుంది, సన్నగా పొడుగ్గా ఉండే పెండలం జాతి దుంప, ఉడకబెట్టి ఇస్తారు, అది తప్పకుండా తినండి. శాకాహారులు సూప్ దేంతో చేశారో ముందే అడగాలి, కూర పచ్చగా ఉన్నా నీళ్ళు మాంసానివి అవుతాయి. కారప్పొడి తీసుకెళ్ళండి.

అమ్మావాళ్ళని మోకాళ్ళ నొప్పులకి పంపిద్దామనుకుంటే మాత్రం ఇక్కడికి వద్దు, ఈ కిందికి కూర్చునే భంగిమలు, కాళ్ళు కొట్టడాలు వాళ్ళ వల్ల కాదు. ఆర్థరైటిస్ కోసం ఆస్ట్రేలియా డాక్టర్ పాల్ లామ్ 1997లో తయారుచేసిన ప్రోగ్రామ్ ఉంది, తాయ్‌చిలోనే ఇంకో రకం సన్ స్టైల్ మీద ఆధారపడింది, నిలబడటం ఎత్తుగా ఉంటుంది, అది నేర్పేవాళ్ళు దొరికితే చూడండి. పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్ళకి బ్యాలెన్స్ మెరుగవుతుందని 2012లో అమెరికాలో 195 మంది మీద చేసిన ట్రయల్‌లో తేలింది, అది కూడా చాలా సింపుల్ కదలికలతోనే, దానికి ఏ వంశావళీ అక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టకముందు రోజూ నేర్పేది ఎవరో పేరు అడగండి, బ్రోచర్ మీద ఫోటో ఉన్న పెద్ద మాస్టర్ చాలాసార్లు వేరే దేశంలో సెమినార్‌లో ఉంటాడు. పాత ఫ్రేమా కొత్త ఫ్రేమా, పుష్ హ్యాండ్స్ వారానికి ఎన్నిసార్లో కనుక్కోండి. అడుగు పలచగా ఉండే బూట్లు రెండు జతలు పెట్టుకోండి, నేలకేసి కొట్టీ కొట్టీ ఒక జత చిరిగిపోద్ది. చలికాలం వెళ్తే గదిలో హీటర్ పనిచేస్తుందో లేదో వీడియో కాల్‌లో ఆన్ చేసి చూపించమనండి.